నాలుగు, ఐదు తరగతులకు బలాలు, గురుత్వాకర్షణ, ఘర్షణ, అయస్కాంతాలు ఎలా చెబుతున్నారు?

పలకా బలపం (ఎస్‌జీటీ, ప్రైమరీ టీచర్, ప్రకాశం జిల్లా)

అందరికీ నమస్కారం. మాది ఇద్దరు టీచర్ల బడి. నాలుగు, ఐదు తరగతులు రెండూ నా దగ్గరే, ఒకే గదిలో. ఏటా ఫిబ్రవరి 28న రామన్ గారి ఫొటో, నాలుగు చార్టులు, రెండు ఉపన్యాసాలతో సైన్స్ దినోత్సవం అయిపోతోంది. ఈసారి రెండు వారాల ముందు నుంచే రోజుకో పీరియడ్ తీసి, పిల్లలతోనే తోయించి, లాగించి, పడేయించి చూద్దామని ఉంది.

మొన్న క్లాసులో "వస్తువు వదిలితే కిందే ఎందుకు పడుతుంది?" అని అడిగాను. గదంతా ఒకే గొంతు: "భూమికి గురుత్వాకర్షణ శక్తి ఉండుట వలన." సరే, బాగానే వచ్చు కదా అని ఒక చేత్తో చాక్‌పీసు, ఇంకో చేత్తో డస్టర్ పట్టుకుని ఏది ముందు పడుతుందన్నాను. అంతే గట్టిగా "డస్టరే!" అన్నారు. వదిలాను. రెండూ కలిసే పడ్డాయి. అప్పుడు వెనక బెంచీ వాడొకడు లేచి "సార్, మీరు చాక్‌పీసు ముందు వదిలారు" అన్నాడు. క్లాసంతా వాడి పక్షమే.

ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ వరుసలో చెప్పాలో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. బీరువాలో సైన్స్ కిట్టు ఉంది. అందులో రెండు దండాయస్కాంతాలు ఉన్నాయి కానీ గుండుసూదిని కూడా లేపడం లేదు.

గోదారి గట్టు (ఫిజికల్ సైన్స్, రిటైర్డ్)

ఆ వెనక బెంచీ వాడిని ముందు బెంచీలో కూర్చోబెట్టండి మాస్టారూ. వాడన్నదే అసలైన సైన్సు. రెండు చేతులతో వదిలేటప్పుడు ఒకటి ముందు జారడం మామూలే. వాడి అనుమానం తీరేలా ప్రయోగం మార్చాలి గానీ వాడి నోరు మూయించకూడదు.

టేబులు అంచున రెండు వస్తువులు పెట్టి, వెనక నుంచి స్కేలు అడ్డంగా ఆనించి ఒక్కసారి తోయండి. రెండూ ఒకే క్షణంలో అంచు దాటుతాయి. కింద రేకు ముక్కో, పాత స్టీలు పళ్లెమో పెట్టండి. చూడమనకండి, కళ్లు మూసుకుని వినమనండి. మీటరు ఎత్తు నుంచి కింద పడటానికి 0.45 సెకను పడుతుంది, అంతలో కన్ను తేల్చుకోలేదు. చెవి తేల్చుకుంటుంది. "ఠంగ్" ఒకటే వినిపించిందా, రెండు వినిపించాయా? పిల్లలు చాలా కచ్చితంగా చెబుతారు.

ఆ తర్వాత కాగితం వంతు. నోటు పుస్తకం, చింపిన కాగితం విడివిడిగా వదిలితే కాగితం ఊగుతూ ఆలస్యంగా దిగుతుంది. "చూశారా, బరువైందే ముందు పడింది" అంటారు. అననివ్వండి. అదే కాగితాన్ని ఉండ చేసి మళ్లీ వదలండి. బరువు మారలేదు, పడే తీరు మారింది. చివరికి కాగితాన్ని విప్పి, పుస్తకం అంచులు దాటకుండా పుస్తకం మీదే పెట్టి వదలండి. రెండూ అతుక్కున్నట్టు కలిసి దిగుతాయి. గాలి అడ్డు పడుతోందన్న మాట వాళ్ల నోటి నుంచే వస్తుంది.

ఇంత చేశాక నాసా వీడియో చూపించండి, ముందు మాత్రం వద్దు. 1971 ఆగస్టు 2న అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద నిలబడి ఒక చేత్తో సుత్తి, ఇంకో చేత్తో డేగ ఈక వదిలాడు. సుత్తి 1.32 కిలోలు, ఈక 30 గ్రాములు. గాలి లేదు కాబట్టి రెండూ కలిసే నేల తాకాయి.

పాలమూరు టీచరమ్మ

గోదారి గట్టు సార్ చెప్పిన ప్రయోగాలన్నీ బాగున్నాయి, నేనూ చేయిస్తాను. కానీ వరుస దగ్గర నాకు తేడా ఉంది. గురుత్వాకర్షణతో మొదలుపెట్టొద్దు.

ఎందుకంటే అది ఎప్పుడూ ఉంటుంది, అంతటా ఉంటుంది. తీసేసి చూపించలేం, పెంచి చూపించలేం. చిన్న పిల్లలకు ఎప్పుడూ మారనిది కనిపించదు. మా క్లాసులో ఒక పాప "లాగేదేముంది టీచర్, వదిలేస్తే పడుతుంది, అంతే" అన్నది. ఆ అమ్మాయి లెక్కలో పడటానికి కారణమే అక్కర్లేదు.

అయస్కాంతం అట్ల కాదు. దగ్గర పెడితే లాగుతుంది, దూరం జరిపితే వదిలేస్తుంది, తిప్పి పెడితే తోస్తుంది. తాకకుండానే లాగొచ్చు అన్న సంగతి చేతికి తెలుస్తుంది. నా వరుస ఇది: మొదటి రోజు గ్రౌండ్‌లో తాడు లాగుడు, ఉయ్యాల, బెంచీ తోయడం. తర్వాత అయస్కాంతాలు, ఆ తర్వాత ఘర్షణ. గురుత్వాకర్షణ అన్నిటికంటే చివర.

ఇంకొకటి. ఏ ప్రయోగమైనా వదిలేముందు ప్రతి ఒక్కరూ పలక మీద తమ జవాబు రాసి, పలక బోర్లించాలి. అడిగితే క్లాసు లీడర్ ఏమంటే అందరూ అదే అంటారు. రాస్తే అట్ల కుదరదు. రాసింది తప్పయితే ఆ పిల్లవాడు ఎందుకు తప్పయిందో తెలుసుకునేదాకా ఊరుకోడు. రాయకుండా చూస్తే అది మ్యాజిక్ షో, చప్పట్లు కొట్టి వెళ్లిపోతారు.

లేత్ మిషన్ (విజయవాడ)

నేను టీచర్ని కాదు, ఆటోనగర్‌లో వర్క్‌షాప్. మా బాబు బడిలో అప్పుడప్పుడు ఇలాంటివి చేయిస్తుంటాను.

మాస్టారూ, కిట్టులోని దండాయస్కాంతాలు చచ్చిపోవడానికి మామూలుగా కారణం ఎన్నోసార్లు కింద పడటం, రెండూ ఎలా పడితే అలా డబ్బాలో పడేయడం. వాటి మీద పెట్టుకున్న ఆశ వదిలేసి రేడియో, టీవీ రిపేరు షాపుకు వెళ్లి పాడైపోయిన స్పీకర్లు అడగండి. వెనకాల నల్లటి రింగు ఉంటుంది, అదే అయస్కాంతం. పిల్లల పనికి బ్రహ్మాండంగా సరిపోతుంది. ఇనుప పళ్లేల మధ్య అతికించి ఉంటుంది కాబట్టి సుత్తితో బాదొద్దు, పింగాణీలా పెళుసు, ముక్కలవుతుంది. వేడి నీళ్లలో కాసేపు నానబెట్టి పలచటి ఉలితో నెమ్మదిగా విడదీయాలి. ఒక వైపు పళ్లెం ఊడకపోతే ఉండనివ్వండి, నష్టం లేదు.

రింగుకి ధ్రువాలు రెండు చదునైన ముఖాల మీద ఉంటాయి. దండాయస్కాంతంలా చివర్లలో వెతికితే దొరకవు. రెండు రింగులు పెన్సిలుకు తొడిగి ఒకే రకం ముఖాలు ఎదురెదురుగా వచ్చేలా పెడితే పైది గాల్లో నిలబడుతుంది. పిల్లలు దాన్ని కిందికి నొక్కి వదులుతూనే ఉంటారు, పీరియడ్ అయిపోయినా వదలరు.

సిలబస్ బాధితుడు (ప్రైవేట్ స్కూల్, కరీంనగర్)

అందరూ గవర్నమెంటు బడి వాళ్లే మాట్లాడుతున్నారు, మా గోడు కూడా వినండి. నాకు వారానికి ఈవీఎస్ (పరిసరాల విజ్ఞానం) పీరియడ్లు నాలుగు. నోట్సు నిండలేదని తల్లిదండ్రులు ఫోన్లు చేస్తారు. యూనిట్ టెస్టులో "ఘర్షణ అనగానేమి?" అని అడుగుతారు, "రేకు మీద ఎన్ని చప్పుళ్లు వచ్చాయి?" అని అడగరు. పైగా అయస్కాంతాలు ఆరో తరగతిలో వస్తాయి, గురుత్వాకర్షణ ఇంకా పైన ఎలాగూ ఉంది. ఇప్పటి నుంచే ఇంత అవసరమా?

పాలమూరు టీచరమ్మ

బ్రదర్, మీ టెన్షన్ నాకు తెలుసు, ప్రైవేట్‌లో చేసే వచ్చాను. నిర్వచనం వద్దని ఎవరూ అనట్లేదు. చివర్లో రాయించండి. అప్పటికే వాళ్ల చేతులకు తెలిసిన సంగతికి పేరు పెట్టడమే కాబట్టి పది నిమిషాల్లో అయిపోతుంది, బట్టీ పట్టించే పని ఉండదు. నోట్సులో కూడా మూడు గళ్లు గీయించండి: నేననుకున్నది, జరిగింది, ఎందుకు. తల్లిదండ్రులకు నిండిన పేజీ కనిపిస్తుంది, మీకు పిల్లవాడి బుర్ర కనిపిస్తుంది.

గోదారి గట్టు

పరీక్షల గురించి ఒక మాట. మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ సైన్స్ కార్యక్రమం 1972లో మొదలై 2002 దాకా నడిచింది, ప్రభుత్వ బడుల్లో, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు. పిల్లలే ప్రయోగాలు చేసి, తమకు వచ్చిన ఫలితాల నుంచి జవాబులు రాసేవారు. పరీక్షకు పుస్తకాలు తీసుకెళ్లొచ్చు, ప్రయోగ పరీక్ష కూడా ఉండేది. అంటే మన దేశంలో, మామూలు పల్లెటూరి బడుల్లో, ముప్పై ఏళ్లు జరిగిన పనే ఇది. కుదరదనే వాళ్లకు నేను ఇదే చెబుతుంటాను. పారేసే సామానుతో సైన్స్ బొమ్మలు చేసే అరవింద్ గుప్తా గారి అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబుల బొమ్మలకు మూలం కూడా అక్కడే ఉంది.

ఇక టీచరమ్మ గారి వరుసకు నా అభ్యంతరం. అయస్కాంతం చూపించి, వెంటనే "భూమి కూడా ఇలాగే లాగుతుంది" అంటే ఏమవుతుందో నేను హైస్కూల్లో చూశాను. తొమ్మిదో తరగతి పిల్లవాడు "భూమి పెద్ద అయస్కాంతం, అందుకే వస్తువులు కింద పడతాయి" అని రాస్తాడు. అందులో సగం నిజం ఉండటమే ప్రమాదం, భూమి అయస్కాంతమే కదా, దిక్సూచి ముల్లు దానివల్లే తిరుగుతుంది. ఈ రెండూ ఒకసారి కలిసిపోయాయంటే విడదీయడానికి ఇంటర్ దాకా పడుతుంది.

పాలమూరు టీచరమ్మ

నిజమే సార్, ఆ గజిబిజి నేనూ చూశాను. దానికి నా దగ్గర ఒక మందు ఉంది. అయస్కాంతాల పాఠంలో చివరి రోజు ఒక పళ్లెంలో చాక్‌పీసు, అగ్గిపుల్ల, జడపిన్ను, ప్లాస్టిక్ మూత, ఇనుప మేకు, ఇత్తడి బిళ్ల, ఆకు పెడతాను. అయస్కాంతం వేటిని లాగుతుంది? జడపిన్ను, మేకు, అంతే. ఇప్పుడు అవే వస్తువులు ఒక్కొక్కటి పైకెత్తి వదలండి. భూమి వేటిని లాగింది? అన్నిటినీ. అయితే రెండూ ఒకే లాగుడా, వేర్వేరా?

ఇది అడిగి ఊరుకుంటాను. ఈ ఒక్క పళ్లెం మీద అరగంట కొట్లాడుకుంటారు. ఇంకో తేడా కూడా వాళ్లే పట్టుకుంటారు: అయస్కాంతం తిప్పితే తోస్తుంది, భూమి ఎప్పుడూ తోయదు. తాకకుండా లాగడం అన్న ఊహ మాత్రం అయస్కాంతం నుంచే రావాలి సార్, ఇంకెక్కడి నుంచి తెస్తాం?

గోదారి గట్టు

ఈ పళ్లెం ప్రయోగం నాకు నచ్చింది. పక్కపక్కన పెట్టి తేడా అడిగేట్టయితే మీ వరుసకు నా అభ్యంతరం లేదు. "ఇలాగే" అన్న మాట మాత్రం వాడకండి.

అమ్మ, ఎడిసన్ (న్యూజెర్సీ)

ఈ చర్చ చూసి ఆగలేకపోయాను. మా పాప ఇక్కడ మూడో తరగతి. న్యూజెర్సీ 2014లో తీసుకున్న సైన్స్ ప్రమాణాల ప్రకారం మూడో తరగతిలో సమానంగా ఉన్న బలాలు, సమానంగా లేని బలాలు, అయస్కాంతాలు ఉంటాయి. తోయడం, లాగడం అయితే కిండర్‌గార్టెన్‌లోనే వచ్చేస్తుంది. గురుత్వాకర్షణ మాత్రం ఐదో తరగతిలోనే. అక్కడ కూడా లెక్కలేమీ లేవు. భూమి లాగే దిశ "కిందికి" అని ఆధారాలు చూపించి వాదించగలగాలి, అంతే. అంటే ఇక్కడి వరుస కూడా పాలమూరు మేడమ్ గారి వరుసలాగే ఉంది.

"కిందికి" అంటే ఏమిటో మా ఇంట్లో తేలిన తీరు చెబుతాను. వీడియో కాల్‌లో గుంటూరులోని మేనల్లుడు, నాలుగో తరగతి వాడు, "అత్తా, మీరు మాకు అడుగున ఉంటారు కదా, పడిపోరా?" అన్నాడు. మా పాప ఇటు నుంచి "మీరే అడుగున ఉన్నారు!" అంది. ఇద్దరికీ చెరో బంతి పట్టుకోమని, చిన్న పిండి బొమ్మ అతికించి, దాని కాళ్లు ఎటు ఉన్నాయో చూపించమన్నాం. ఎక్కడ అతికించినా కాళ్లు బంతి మధ్యకే ఉన్నాయి. గ్లోబు ఉన్న బడిలో ఇది అయిదు నిమిషాల పని.

లేత్ మిషన్

నిజమే మేడమ్, మా బాబు అయితే ఆస్ట్రేలియా వాళ్లు తలకిందులుగా అన్నం ఎలా తింటారని అడిగాడు.

పలకా బలపం

చాలా చాలా థాంక్స్ అందరికీ. స్పీకర్ రింగులు దొరికాయి, షాపాయన డబ్బులు కూడా తీసుకోలేదు. అయస్కాంతాలు మొదలుపెట్టాం. ఇంటి నుంచి ఏవైనా తెచ్చి పరీక్షించమంటే సంచులు నింపుకొచ్చారు. ఒక పెద్ద గొడవ మిగిలింది. సత్తు గిన్నె, ఇత్తడి చెంబు, రాగి తీగ అతుక్కోలేదు, అది చూసి "లోహాలన్నీ అతుక్కుంటాయి" అని రాసిన వాళ్లందరూ కొట్టేసుకున్నారు. కానీ స్టీలు గ్లాసుల్లో ఒకటి అతుక్కుంది, ఇంకోటి అతుక్కోలేదు. రెండూ స్టీలే. ఏం చెప్పాలి?

లేత్ మిషన్

ఇది నా సబ్జెక్టు. స్టెయిన్‌లెస్ స్టీలు ఒక్కటి కాదు, చాలా రకాలు. అన్నిట్లోనూ ఇనుము, క్రోమియం ఉంటాయి. కొన్నిట్లో నికెల్ గానీ మాంగనీసు గానీ బాగా కలుపుతారు, అప్పుడు లోపల పరమాణువుల అమరిక మారిపోయి అయస్కాంతానికి దొరకదు. ఆ రెండూ అలా కలపనిది దొరుకుతుంది. తమాషా ఏంటంటే నికెల్ విడిగా ఉంటే అయస్కాంతానికి అతుక్కునే లోహమే. ఇనుము, నికెల్, కోబాల్టు, ఈ మూడూ అతుక్కుంటాయి.

బజార్లో కొందరు అయస్కాంతం పెట్టి "అతుక్కుంది, ఇది అసలు స్టీలు కాదు" అంటారు, ఆ మాట నమ్మకండి. అతుక్కునేది కూడా స్టెయిన్‌లెస్ స్టీలే అయి ఉండొచ్చు.

బిళ్లలతో కూడా ఆడించండి. ఇప్పటి రూపాయి, రెండు రూపాయల బిళ్లలు అతుక్కుంటాయి. ఐదు రూపాయల్లో ఇత్తడి రంగువి అతుక్కోవు. పిల్లలకు డబ్బులంటే శ్రద్ధ ఎక్కువ.

పాలమూరు టీచరమ్మ

ఐదో తరగతి వాళ్లకు ఇంకో పని ఇవ్వండి సార్. అయస్కాంతానికి, గుండుసూదులకు మధ్య నోటు పుస్తకం కాగితాలు ఒక్కొక్కటే పెంచుతూ ఎన్ని సూదులు లేస్తున్నాయో పట్టిక రాయమనండి. కాగితం లాగుడును ఆపదు, దాన్ని తగ్గించేది పెరిగిన దూరమే. గ్రాఫు గీయించడానికి ఇంతకంటే మంచి సందు దొరకదు.

వాగు ఇసుక దగ్గరుంటే అయస్కాంతానికి ప్లాస్టిక్ కవర్ తొడిగి ఇసుకలో ఈడ్వమనండి. నల్లటి రవ్వ అంటుకుంటుంది, అది ఇనుప ఖనిజం. కవర్ తిరగేస్తే రవ్వ చేతికి వస్తుంది. కవర్ లేకుండా ఈడ్చారో, ఆ రవ్వ వదిలించుకోవడానికి మీకు ఆదివారం పోతుంది.

పిల్లల వార్డు సిస్టర్ (విశాఖపట్నం)

పిల్లల సర్జరీ వార్డులో స్టాఫ్ నర్సుని. మీ ఉత్సాహానికి అడ్డు రావాలని కాదు, ఒక్క విషయం అందరూ గుర్తుపెట్టుకోవాలి.

స్పీకర్ రింగు లాంటి పెద్ద అయస్కాంతాలు పర్వాలేదు. బజార్లో దొరికే చిన్న చిన్న మెరిసే గుండ్లు, బొమ్మల్లో వచ్చే బిళ్లలు, చాలా బలమైనవి, వాటిని ప్రైమరీ క్లాసులోకి రానివ్వకండి. ఒకటి మింగితే బయటికి వచ్చేయొచ్చు. రెండు మింగితే, లేదా ఒకటీ ఒక ఇనుప ముక్కా మింగితే, పేగుల్లో వేర్వేరు చోట్ల నుంచి ఒకదాన్నొకటి లాక్కుంటాయి. మధ్యలో పేగు గోడలు నలిగి చిల్లు పడుతుంది. మొదట పిల్లవాడికి మామూలు కడుపునొప్పి, వాంతులే ఉంటాయి, గ్యాస్ అనుకుంటారు.

మింగారని అనుమానం వచ్చినా సరే, అరటిపండు తినిపించి చూద్దాం అనొద్దు, వాంతి చేయించొద్దు, వెంటనే ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. బొమ్మల్లోని బటన్ బ్యాటరీలు కూడా అంతే, గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే కాల్చేస్తాయి. క్లాసు మొదలయ్యేటప్పుడు ఎన్ని ఇచ్చారో, అయిపోయాక అన్ని లెక్క చూసుకోండి.

పలకా బలపం

సిస్టర్ గారూ, చాలా మంచి మాట చెప్పారు. కిట్టులో బటన్ అయస్కాంతాలు నాలుగు ఉంటే బీరువాలో పెట్టి తాళం వేసేశాను.

ఇప్పుడు ఘర్షణ మొదలుపెట్టాలి. "ఘర్షణ వల్ల నష్టాలు, లాభాలు" అని చార్టులో రెండు వరుసలు ఉంటాయి కదా, అది చదివించడం తప్ప ఏమైనా చేయొచ్చా?

లేత్ మిషన్

రెండు లాంగ్ నోట్ బుక్కులు తీసుకుని ఒకదాని పేజీ, ఇంకోదాని పేజీ, మళ్లీ దీనిది, మళ్లీ దానిది, పేక ముక్కలు కలిపినట్టు అంచులు ఒకదాంట్లో ఒకటి దూర్చండి. జిగురు లేదు, పిన్ను లేదు. రెండు అట్టలు చెరో జట్టుకిచ్చి లాగమనండి. అట్ట చిరుగుతుంది గానీ పుస్తకాలు విడిపోవు. పేజీలు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి ఎంత లాగితే అంత గట్టిగా ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి, నొక్కుడుతో పాటే ఘర్షణా పెరుగుతుంది. పాత పుస్తకాలతో చేయండి, లేకపోతే వాళ్ల అమ్మలు మీ మీదికి వస్తారు.

పాలమూరు టీచరమ్మ

గచ్చకాయను మర్చిపోయారా ఎవరూ? నేల మీద గీకి పక్కవాడి చేతికి అంటించడం మన చిన్నప్పుడు అందరం చేసిన పనే. ఘర్షణతో వేడి పుడుతుందని పుస్తకం చూడకుండానే తెలిసిన పిల్లలు ఉంటారు, వాళ్లతోనే చెప్పించండి.

చార్టులో లాభనష్టాల రెండు వరుసలకు బదులు ఇది చేయండి: ఒక చాక్‌పీసుల డబ్బా నిండా గులకరాళ్లు పోసి, రబ్బరు బ్యాండు కట్టి, గచ్చు మీద, గోనెసంచి మీద, తడి నేల మీద లాగించండి. బ్యాండు ఎంత సాగిందో స్కేలుతో కొలవాలి. కదిలేముందు ఎక్కువ సాగుతుంది, కదిలాక కొంచెం తగ్గుతుంది. ఇది చెప్పకండి, చూడనివ్వండి.

తర్వాత డబ్బాను నిలబెట్టి లాగమనండి. నేలకు తగిలే చోటు తగ్గింది కాబట్టి సులువుగా జారుతుందని దాదాపు అందరూ రాస్తారు. బ్యాండు మాత్రం దాదాపు అంతే సాగుతుంది. రాళ్లు తగ్గిస్తేనే తగ్గుతుంది. చుట్టుపక్కల బడుల టీచర్లం కలిసే మా కాంప్లెక్స్ మీటింగ్‌లో టీచర్లతో చేయిస్తే టీచర్లకు కూడా ఆశ్చర్యమే.

గోదారి గట్టు

ఘర్షణలో అసలు లోతైన విషయం ఒకటి ఉంది, దాన్ని వదలొద్దు. బంతి దొర్లించి "ఎందుకు ఆగింది?" అని అడగండి. "బలం అయిపోయింది" అంటారు. తోసినప్పుడు బంతిలోకి బలం ఎక్కుతుందనీ, పోను పోను ఖర్చయిపోతుందనీ వాళ్ల ఊహ. మాట చాలా సహజంగా ఉంటుంది, పెద్దవాళ్లం కూడా అలాగే అంటాం. పై తరగతుల్లో న్యూటన్ నియమాలు ఎక్కకపోవడానికి ముఖ్య కారణం ఇదే.

దీనికి క్యారమ్ బోర్డు చాలు. పౌడరు లేకుండా స్ట్రైకర్ కొట్టించండి, పౌడరు వేసి అంతే గట్టిగా కొట్టించండి, అదే స్ట్రైకర్‌ని గోనెపట్టా మీద కొట్టించండి. కొట్టిన దెబ్బ ఒకటే. మరి బోర్డు మీద పౌడరుంటే బలం తొందరగా అయిపోలేదేం? గోనె మీద వెంటనే అయిపోయిందేం? అయితే ఆపింది ఎవరు, లోపల అయిపోయిన బలమా, కింద ఉన్న నేలా? ఇక్కడి నుంచి "నేల ఇంకా ఇంకా నున్నగా ఉంటే?" అని అడుగుతూ పోండి. నాలుగో ప్రశ్నకో ఐదో ప్రశ్నకో ఎవరో ఒకరు "అసలు ఆగదు" అంటారు. గెలీలియో ఆలోచన సాగిన దారి కూడా అదే.

గోళీలు కూడా దొర్లించొచ్చు గానీ దొర్లేవాటి లెక్క కొంచెం వేరు. జారే వస్తువుతో చేస్తేనే పోలిక సరిగా వస్తుంది.

సిలబస్ బాధితుడు

సరే, నేనూ ఒకటి చేశాను. మూతి సన్నగా ఉన్న ప్లాస్టిక్ సీసాలో బియ్యం నింపి, తడుతూ గట్టిపరిచి, పెన్సిలు గుచ్చి, తీసి, మళ్లీ గుచ్చి... కాసేపటికి పెన్సిలు పట్టుకుని ఎత్తితే సీసా మొత్తం లేచింది. బియ్యం గింజలు పెన్సిలును బిగించి పట్టుకున్నాయి. ఆరో తరగతి వాళ్లు కూడా కిటికీలోంచి చూస్తున్నారు. ప్రిన్సిపాల్ వచ్చి "ఈ గోల ఏంటి?" అన్నారు, చూపిస్తే ఆయన రెండోసారి ఎత్తి చూశారు. నోట్సులో ఆ మూడు గళ్లు కూడా గీయించాను. పేరెంట్ ఒక్కరు కూడా ఫోన్ చేయలేదు.

పలకా బలపం

మాకు బియ్యం అంటే మధ్యాహ్న భోజనం బస్తా, దాని జోలికి వెళ్లను! ఇంటి నుంచి తెస్తాను.

ఇప్పుడు గురుత్వాకర్షణ దగ్గరికి వచ్చాం. రేకు మీద చప్పుళ్లు విన్నారు, ఒకటే "ఠంగ్". ఆ అబ్బాయే స్కేలు పట్టుకుని తోశాడు, ఇక వాడికి అనుమానం లేదు. పిండి బొమ్మ కూడా అయింది. కొత్త ప్రశ్న వచ్చింది: "అంతరిక్షంలో గురుత్వాకర్షణ ఉండదు కదా సార్, వాళ్లు తేలుతుంటారు, టీవీలో చూశాం." ఉంటుందని నాకు తెలుసు, పదేళ్ల పిల్లవాడికి ఎలా చూపించాలో తెలియడం లేదు.

గోదారి గట్టు

ప్లాస్టిక్ సీసాకు అడుగున పక్కగా ఒక రంధ్రం పెట్టండి. వేలితో మూసి నీళ్లు నింపండి, మూత పెట్టొద్దు. వేలు తీస్తే నీళ్లు ధారగా వస్తాయి, అందరూ చూస్తారు. ఇప్పుడు బెంచీ ఎక్కి, ధార కారుతుండగానే సీసాను వదిలేయండి. ముందు పలక మీద రాయించడం మర్చిపోకండి: పడేటప్పుడు ధార ఎక్కువవుతుందా, తగ్గుతుందా, అలాగే ఉంటుందా?

పడుతున్నంత సేపూ ధార ఆగిపోతుంది. సీసా, నీళ్లు రెండూ ఒకే తీరుగా పడుతున్నాయి కాబట్టి నీళ్లు సీసా మీద నొక్కడం లేదు. భూమి లాగడం మానేసిందా? మానేస్తే సీసా పడేదే కాదు. అంతరిక్ష కేంద్రం దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంది. అక్కడ భూమి లాగుడు ఇక్కడి దాంట్లో సుమారు 90 శాతం ఉంటుంది. కేంద్రం, అందులోని మనుషులు అందరూ కలిసి పడుతూనే ఉంటారు, పక్కకు అంత వేగంగా పోతుంటారు కాబట్టి నేలను తాకరు. ఈ చివరి ముక్క ఐదో తరగతికి పూర్తిగా ఎక్కకపోయినా ఫర్వాలేదు. "లేదు" అన్న మాట మాత్రం నేర్పకండి.

ఫోన్‌లో స్లో మోషన్ ఉంటే వీడియో తీయండి, ధార ఆగడం బాగా కనిపిస్తుంది. ఆరుబయట చేయండి, బెంచీని ఇద్దరు పట్టుకోవాలి.

అమ్మ, ఎడిసన్

మా గరాజ్‌లో ఇప్పుడే చేశాం. పాప "నీళ్లు కూడా తేలుతున్నాయి" అంది. కార్పెట్ మీద చేయకండి.

లేత్ మిషన్

మాస్టారూ, అంతా అయిపోయాక ఆ రింగుల్ని మళ్లీ బీరువాలో విడివిడిగా పడేయకండి. విరుద్ధ ముఖాలు కలిసేలా దొంతరగా పెట్టి, పైనా కిందా ఒక ఇనుప బిళ్ల వేయండి. ఫోన్లు, ఏటీఎం కార్డులు, దిక్సూచి ఆ అరలో పెట్టొద్దు. కిట్టులోని పాత దండాయస్కాంతాలు ఇంకా ఉన్నాయా? రింగు ఒక ముఖంతో వాటిని ఒకే దిశలో, మధ్యలో ఆగకుండా, చివర పైకెత్తి మళ్లీ మొదటికి వచ్చి రుద్దుతూ పోండి. కొంత జీవం వస్తుంది. ఇదే పద్ధతిలో కుట్టుసూదిని రుద్ది, ఆకు మీద పెట్టి, ప్లాస్టిక్ టబ్బు నీళ్లలో వదిలితే ఉత్తర దక్షిణాలు చూపిస్తుంది. స్టీలు బేసిన్ మాత్రం వద్దు, ఆ గ్లాసుల కథ మళ్లీ మొదలవుతుంది.

పలకా బలపం

సూదులు ఐదో తరగతి వాళ్లకే ఇస్తాను, లెక్కపెట్టి. టబ్బు వంట ఏజెన్సీ అక్క ఇస్తానంది. 28న ఊరివాళ్లను పిలుస్తున్నాం, చార్టులు లేవు, బల్లకు ఇద్దరు పిల్లలు, వచ్చినవాళ్లు ముందు పలక మీద జవాబు రాయాల్సిందే. సర్పంచ్ గారికి గులకరాళ్ల డబ్బా బల్ల కేటాయించాం.